ఎనిమిదో నంబరు తోటా

బోడిగుండ్లపల్లి,
కుందుర్పి మండలం.
12-6-1999

చిరంజీవి ఓబిలేష్‌కు,

మీ నాయన కదిరప్ప రెండు చేతులూ నీ నెత్తిన పెట్టినట్టే అనుకొని ఈ జాబు చదువుకో.

నీ జాబు నిన్న అందింది. మీ చెల్లెలు సునంద చదువుతానని చేయి చాచింది గానీ ఇవ్వలేదు. నేనే అరుగు మీద కూర్చొని కూడబలుక్కొని చదివినాను. రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టే పని మానుకున్నాను, బళ్ళారిలో తుపాకుల అంగట్లో చేరినాను అని రాసినావే, ఆ రెండు వరుసలూ ఎన్నిసార్లు చదివినానో నాకే తెలియదు. అన్నం సహించలేదు నాయనా. సంతోషంతోనే కడుపు నిండిపోయింది.

నువ్వు మిషను తొక్కినన్నాళ్ళూ నేను ఈ ఊర్లో తల ఎత్తి నడిచినది లేదు. చెన్నప్ప సంగతి నీకు తెలుసు కదా. నేను కనబడితే చాలు, "ఏమప్పా కదిరప్పా, నా పాత లంగోటీ చినిగిపోయింది, నీ కొడుకు వచ్చినప్పుడు నాలుగు కుట్లు ఏపిస్తావా?" అనేవాడు. నలుగురూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి. ఏం చేసేది? నిన్న నేరుగా వాని ముందరికే పోయి నిలబడినాను.

"చెన్నప్పా, నా కొడుకు సూది ఇడిసిపెట్టినాడు. తుపాకి పట్టినాడు" అన్నాను.

వాని నోట్లో బీడీ నోట్లోనే ఆరిపోయింది. ఆ ముఖం నువ్వు చూడాల్సింది నాయనా!

నీ కాగితం అంచున నీలం వేలిముద్ర పడింది. సునంద దాన్ని వెలుతురుకు పెట్టి చూసి, "ఇదేం నీలి నాయనా?" అనింది. "పిచ్చిదానా, తుపాకి మందు తడి తగిలితే నీలం తిరుగుతుంది" అని చెప్పినాను. అంగడికి జాబులు రాకూడదని ఓనరు రూలంట కదా, మునుపటి మాదిరే రాయదుర్గంలో శ్రీరంగప్ప టీ హోటలుకే రాయమన్నావు. అట్లాగే రాస్తాను. తుపాకుల వ్యవహారం గుట్టుగానే ఉండాల.

ఇంకొక సంగతి. ఈ ఏడూ వాన లేదు. బుడ్డ విత్తనం, శెనక్కాయలన్నీ సంచుల్లోనే ఉన్నాయి. గుట్ట మీద నీళ్ళ దొనలన్నీ ఎండిపోయి ఎలుగుబంటి కిందికి దిగింది. మేకలు తోలుకొని పోయిన మారెక్కను పట్టుకొని ముఖం చీల్చేసింది. ఆసుపత్రికి ఎత్తుకొని పోయేలోపలే ప్రాణం పోయింది. ఫారెస్టువాళ్ళను పిలిస్తే వచ్చి టపాకాయలు ఇచ్చి, దాన్ని చంపితే జైలని చెప్పి పోయినారు. పాపం మారెక్క. మంచి మనిషి. కానీ నాయనా, ఆమె పోయినప్పటి నుంచి ఊరంతా ఎవరి పేరు తలచుకుంటాందో చెప్పు చూద్దాం. నీ పేరే! నా కొడుకు వస్తాడు, ఒక్క దెబ్బకు పడగొడతాడు అని ఊరి ముందర మాట ఇచ్చేసినాను.

ఎప్పుడు వస్తావో రాయి.

మీ నాయన,
కదిరప్ప

❖

బళ్ళారి
24-6-1999

నాయనకు ఓబిలేష్ నమస్కారాలు.

నేను బాగున్నాను. ఇప్పుడు రావడానికి కుదరదు. అంగట్లో సరుకు దిగే కాలం, ఓనరు సెలవు ఇవ్వడు. దసరా అయిన తర్వాత చూస్తాను.

నన్ను అడగకుండా ఊరికి మాట ఎందుకు ఇచ్చినావు? ఎలుగు సంగతి ఫారెస్టువాళ్ళు చూసుకుంటారు. అయినా నువ్వు భయపడవద్దు. మొన్న ఓనరుతో కలిసి సండూరు అడివికి పోయి ఒక పందిని కొట్టినాను. ఒక్క దెబ్బే. తుపాకి గురించి ఎవరికైనా ఏమైనా తెలుసుకోవాలనుంటే నన్ను అడగమను, రాసి పంపిస్తాను.

చెన్నప్ప ఏమన్నాడో మళ్ళీ రాయి.

ఓబిలేష్

❖

బోడిగుండ్లపల్లి
8-7-1999

నా బంగారు కొడుకు ఓబిలేష్‌కు,

పందిని కొట్టినావా! ఒక్క దెబ్బకే కొట్టినావా! నీ జాబు పట్టుకొని ఊరంతా తిరిగినాను నాయనా. హనుమంతరాయుడు చదివినాడు, బడి అయ్యవారు చదివినాడు, చదువు రానివాళ్ళు కాగితం తాకి చూసినారు. చెన్నప్ప నన్ను పిలిచి మంచం మీద కూర్చోబెట్టి కాఫీ ఇప్పించినాడు. చక్కెర ఎక్కువ వేయించినాడు. "కదిరప్పన్నా" అంటాండాడు ఇప్పుడు. అన్నా అంట! నా పేరు వాని నోట్లో ఎన్నడైనా అట్లా పలికిందా?

నువ్వు రాలేనన్న మాట నేను ఎవరికీ చెప్పలేదు. పెద్ద పనిలో ఉన్నవాడు ఊరికే రాడు, ముందు దారి చెప్తాడు, ఆ తర్వాత తానే వస్తాడు అన్నాను.

ఇప్పుడు దారి చెప్పాల. హనుమంతరాయుడి దగ్గర వాళ్ళ నాయన కాలం నాటి రెండు గొట్టాల తుపాకి ఉంది కదా, పంటల మీద పడే పందుల కోసం లైసెన్సు ఉండేది. దాని తోటాలు ట్రంకుపెట్టెలో ఉన్నాయి. అన్నీ పెద్దాయన కొన్నవే, ఆయన పోయినాక ఎవరూ కొత్తవి కొనలేదు. ఈయన పందులు వస్తే గాలిలోకి ఒకటి పేల్చడమే తప్ప దేన్నీ గురిపెట్టి కొట్టినవాడు కాదు. నిన్న ఆ పెట్టె తెరిచి తోటాలన్నీ కంబళి మీద పరిచినాము. చుట్టూ పదిమంది చేరినారు. కొన్నిటి మీద ఇంగ్లీషులో ఎల్జీ అని ఉంది. కొన్నిటి మీద నాలుగు. కొన్నిటి మీద ఎనిమిది. బయటికి చూస్తే అన్నీ ఒకే లావు, ఒకే పొడుగు.

"మా నాయన పందులకు ఎల్జీ అనేవాడప్పా" అన్నాడు హనుమంతరాయుడు.

"పందికి ఎల్జీ అయితే ఎలుగ్గొడ్డుకు యాది? అది పందికన్నా మొండిది కదా" అని చెన్నప్ప.

"నాకేం తెలుసు? ఎల్జీ అంటే ఏమో కూడా నాకు తెల్దు."

"తెలిసినోడు ఉండాడు కదప్పా, బళ్ళారిలో!" అన్నాను నేను. అందరూ నా వైపు తిరిగినారు. నా కడుపు చల్లగా అయింది నాయనా. బతికి ఉండగా మనిషికి ఇంతకన్నా ఏం కావాల?

ఎలుగును నువ్వు చూసినావు కదా. గొర్రె మీద గొర్రె ఎక్కినట్టు బొచ్చు. దాని కింద తోలు ఎద్దు తోలుకన్నా మందం. మీదికి వస్తే ఆగదు, ముఖాన్నే పట్టుకుంటుంది. ఏ తోటా పెట్టాలో రాయి. ఎల్జీనా, నాలుగా, ఎనిమిదా?

మారెక్క మొగుడు కూడా నీ జాబు కోసం రోజూ వచ్చి అడుగుతాండాడు.

మీ నాయన,
కదిరప్ప

❖

బళ్ళారి
20-7-1999

నాయనకు నమస్కారాలు.

ఇందులో అంత ఆలోచించేది ఏమీ లేదు. నంబరు చూస్తే తెలిసిపోతుంది. పలచని దానికి చిన్న నంబరు, మందానికి పెద్ద నంబరు. పలచని దానికి పెద్దది పెడితే చిల్లులు పడి పాడవుతుంది, మందానికి చిన్నది పెడితే దిగదు, విరిగిపోతుంది. ఇక్కడ మేము రోజూ చేసేది ఇదే. తోలు ఎంత మందమో నువ్వే రాసినావు. కాబట్టి ఎనిమిది పెట్టండి. నాలుగు సరిపోదు. ఎల్జీ అనేది ఏదో కంపెనీ పేరు అయి ఉంటుంది, దానికి నంబరే లేదు కదా, దాన్ని నమ్మవద్దు.

ఇది హనుమంతరాయుడికి చదివి వినిపించు. కానీ మీరు ఎవరూ తొందరపడి గుట్ట దగ్గరికి పోవద్దు. నేను దసరాకు వస్తాను.

ఓబిలేష్

❖

బోడిగుండ్లపల్లి
1-8-1999

ఓబిలేషూ, నా వంశానికి దీపమా,

ఎంత తేలికగా చెప్పేసినావు నాయనా! మందానికి పెద్ద నంబరు. మా బుర్రలకు ఇది తట్టలేదు చూడు. జాబు అందరి ముందరా సునందతో చదివించినాను. ఆ పిల్ల నడుమ ఒకచోట ఆగింది.

"విరిగిపోతుందని రాసినాడు నాయనా. తోటాలో ఇరిగేది ఏముంటాది?" అనింది.

"నీకు తెలుసా, వానికి తెలుసా? చదువు!" అని కసిరినాను. కళ్ళు దించుకొని మిగిలినది చదివింది.

హనుమంతరాయుడికి మాత్రం మనసు ఒప్పలేదు. ముసలివాడయిపోయినాడు, భయం. "కదిరప్పా, ఒక గొట్టంలో ఎనిమిది పెడదాం, ఇంకొక గొట్టంలో మా నాయన చెప్పిన ఎల్జీ పెడదాం. ఏదో ఒకటి పని చేస్తాది" అన్నాడు.

నాకు ఎట్లా మండిందో! "నా కొడుకు మాట పక్కన ఇంకొక మాట పెడతావా? వాడు తుపాకుల మధ్య బతుకుతాండాడు. నీ నాయన ఎన్ని ఎలుగుల్ని కొట్టినాడు, చెప్పు" అన్నాను. చెన్నప్ప నా పక్షమే మాట్లాడినాడు. "అవునప్పా, పిల్లోడు బళ్ళారి నుంచి రాసినాడంటే ఊరికే రాస్తాడా?" అన్నాడు. చెన్నప్ప, నాయనా! వాని నోటితో!

ఎల్జీలూ నాలుగు నంబరువీ తీసి గోనెపట్టలో చుట్టి అటక మీదికి విసిరేయించినాను. రెండు గొట్టాలకూ ఎనిమిదే.

ఇంకొకటి చెప్తాను, కోప్పడవద్దు. దసరా దాకా ఆగలేము. ఎలుగు ఇప్పుడు తెల్లవారగానే చెన్నప్ప బోరు తొట్టి దగ్గరికి నీళ్ళకు వస్తాంది. తొట్టికి ఎదురుగా పెద్ద రాతిగుండు ఉంది కదా, దాని వెనక కూర్చుంటే యాభై అడుగులు కూడా ఉండదు. తుపాకి ఎవరు పట్టుకోవాలని మాట వచ్చింది. నేనే పడతానన్నాను. చిన్నప్పుడు మా మామ దగ్గర నాటు తుపాకి పేల్చినవాణ్ణే. నీ తోటా, నా చేయి. తండ్రీ కొడుకులం కలిసి కొట్టినట్టు ఉంటుంది. పడిన తర్వాత దాని పక్కన నిలబడి ఫోటో తీయించి పంపిస్తాను. అంగట్లో గోడకు తగిలించుకో.

వచ్చే శుక్రవారం మంచిదని చెప్పినారు.

మీ నాయన,
కదిరప్ప

❖

రాయదుర్గం
6-8-1999

నాయనా,

ఈ జాబు అందిన వెంటనే పని ఆపేయండి. ఎనిమిది వద్దు. వద్దే వద్దు. నేను తొందరలో తప్పు రాసినాను. ఇక్కడ టీ హోటలుకు రామదాసు అని రిటైరయిన పోలీసాయన వస్తాడు. ఊరికే మాటల్లో అడిగితే పకపక నవ్వినాడు. తోటాల నంబర్లు తలకిందులంట. నంబరు పెరిగేకొద్దీ లోపలి గుండ్లు చిన్నవవుతాయంట. ఎనిమిది పూరేడు పిట్టలను కొట్టేదంట. "ఎలుగ్గొడ్డును ఎనిమిదితో కొడితే దానికి గజ్జి గోకినట్టు ఉంటాది, ఎవడప్పా నీకు చెప్పిన ఎదవ?" అన్నాడు. ఎల్జీ అనేదే పెద్ద జంతువులకంట.

ఎల్జీ కూడా వద్దు నాయనా. తుపాకి హనుమంతరాయుడికి ఇచ్చేసి ఇంట్లో కూర్చో. నీ కాళ్ళు పట్టుకుంటాను. ఈ జాబు ఎవరికీ చదివి వినిపించవద్దు. నువ్వు ఒక్కడివే చదువుకో.

ఓబిలేష్

❖

అనంతపురం,
పెద్దాసుపత్రి.
19-8-1999

చిరంజీవి ఓబిలేష్‌కు,

ఈ రాత నాది కాదని నీకు చూడగానే తెలిసి ఉంటుంది. నేను చెప్తూ ఉంటే సునంద రాస్తాంది. నాకు కళ్ళకు కట్టు కట్టినారు. కట్టు విప్పినా చూసేందుకు ఏమీ మిగలలేదని డాక్టరమ్మ నిన్న చెప్పింది. ముక్కు కూడా సగమే ఉందంట. చేత్తో తడిమి చూసుకుందామంటే సునంద చేయి పట్టుకుంటాంది. ఏడవవద్దు నాయనా, నేను ఏడవలేదు. నేను ఎంత సంతోషంగా ఉన్నానో నీకు చెప్పాలనే ఈ జాబు రాయిస్తాండేది.

శుక్రవారం తెల్లవారుతూనే గుండు వెనక చేరినాము. నేను ముందర, నా వెనక హనుమంతరాయుడు, ఆ వెనక చెన్నప్ప కట్టె పట్టుకొని. గుట్ట మీది నుంచి అది దిగి వచ్చింది. ఎంత నింపాదిగా వచ్చిందంటే ఏదో పెండ్లికి వచ్చినట్టు. తొట్టిలో ముఖం పెట్టి గురగురమని తాగింది. తుపాకి భుజానికి ఆనించినాను. నీ పేరు తలచుకొని రెండు గొట్టాలూ ఒకేసారి దాని మొహానికి ఎత్తి కొట్టినాను.

తగిలింది నాయనా! సూటిగా తగిలింది! అది ముఖం విదిలించుకుంది. ముంగాలితో రెండుసార్లు కళ్ళు తుడుచుకుంది, దుమ్ము పడితే మనం తుడుచుకున్నట్టు. తర్వాత నా వైపు చూసింది. నేను ఈ కళ్ళతో చూసిన ఆఖరుది అదే.

చెన్నప్ప కట్టె పారేసి పరుగెత్తినాడంట. హనుమంతరాయుడు మాత్రం పోలేదు, అరిచి, రాళ్ళు వేసి, కంబళి దాని మీదికి విసిరినాడంట. అది నన్ను వదిలిపెట్టి గుట్ట ఎక్కింది. ఇప్పుడు దానికి ఒక కన్ను పోయిందని చూసినవాళ్ళు చెప్తాండారు. అంటే దెబ్బ పని చేసింది కదా! నీ మాట పని చేసింది కదా!

హనుమంతరాయుడు ఇక్కడికి చూడ్డానికి వచ్చినాడు. మంచం పక్కన కూర్చున్నాడు. తర్వాత నా అరచేయి తెరిచి అందులో ఏదో పోసినాడు. సన్నగా, చల్లగా.

"ఏమిది?" అన్నాను.

"కొర్రలు" అన్నాడు.

"కొర్రలు ఆసుపత్రికి ఎందుకు తెచ్చినావప్పా?"

"ఎనిమిదో నంబరు తోటా కోసి చూసినా కదిరప్పా. లోపల ఉండేది ఇయ్యే. సీసంతో చేసిన కొర్రగింజలు. ఎల్జీ కోసినా. దాంట్లో బుడ్డగింజలంత ఉండాయి. కొర్రలతో కొట్టినామప్పా ఎలుగ్గొడ్డును."

నాకు పట్టరాని కోపం వచ్చింది. "మీ నాయన కాలం నాటి తోటాలు. ట్రంకులో పడి పడి లోపలున్నది ఎండి చిన్నదయి ఉంటాది. కొత్త ఎనిమిది అయితే రేగుపండ్లంత ఉంటాయి. నా కొడుకును తప్పు పడతావా, లే బయటికి" అన్నాను. పాపం, లేచి పోయినాడు. పోతూ ఏడ్చినాడని సునంద చెప్పింది.

నువ్వేమీ మనసులో పెట్టుకోవద్దు. ఊర్లో ఎవరైనా నీ మాట తప్పు అంటే నాకు చెప్పు, ఈ ముఖం తీసుకొని పోయి వాళ్ళ గడపలో కూర్చుంటాను.

నేను ఇక్కడికి వచ్చినాక నీ జాబు ఒకటి ఇంటికి వచ్చిందంట. సునంద చదివి పొయ్యిలో పెట్టేసిందంట. "ఏమి రాసినాడమ్మా?" అంటే, "జాగ్రత్త అని రాసినాడు నాయనా" అనింది. అంత మంచి మాటను పొయ్యిలో ఎందుకు పెట్టినావు అని తిట్టినాను.

వచ్చి ఒకసారి నా పక్కన కూర్చో. చూడలేను గానీ, నీ చేతుల వాసన చూస్తే చాలు. తుపాకి మందు వాసన.

మీ నాయన,
కదిరప్ప

❖

బళ్ళారి
30-8-1999

నాయనకు,

జాబు అందింది.

నేను రాలేను. ఓనరు సెలవు ఇవ్వడు. అంగట్లో లెక్కలు చూసే సమయం. దసరాకు కూడా చెప్పలేను. ఎలుగు జోలికి ఎవరూ పోవద్దు, ఫారెస్టువాళ్ళకు చెప్పండి. నేను వస్తానని మాత్రం ఊర్లో ఎవరికీ చెప్పవద్దు. దండం పెట్టి అడుగుతాను.

సునందా, నాయనను బాగా చూసుకో.

ఓబిలేష్

❖

బోడిగుండ్లపల్లి
11-9-1999

నా కన్నకొడుకు ఓబిలేష్‌కు,

వస్తాండావా! ఆదివారం వస్తాండావా!

మొన్న ఆసుపత్రి నుంచి ఇంటికి చేరేసరికి నీ జాబు వచ్చి ఉంది. నన్ను చూసిపోవడానికి ఊరంతా మన అంగణంలోనే ఉన్నారు. సునందను అందరి ముందరా గట్టిగా చదవమన్నాను. ఆ పిల్ల గొంతు నువ్వు వినాల్సింది, ఎక్కడా తడబడలేదు. "ఓనరు సెలవు ఇచ్చినాడు. పంతొమ్మిదో తేదీ ఆదివారం సాయంత్రం బస్సుకు దిగుతాను. కొత్త ఎనిమిదో నంబరు తోటాలు తెస్తాను. నాయన ముఖం చీల్చినదాన్ని నా చేతులతో కొడతాను" అని చదివింది. నేను ఎగిరి దూకినాను నాయనా. గుడ్డివాణ్ణి, గోడకు తగిలి పడినాను, పడి కూడా నవ్వినాను. మారెక్క మొగుడు నా చేతులు పట్టుకొని ముద్దు పెట్టుకున్నాడు. హనుమంతరాయుడు మాత్రం ఆ కాగితం ఒకసారి ఇటు ఇవ్వు తల్లీ అన్నాడంట. సునంద ఇవ్వలేదు. మంచి పని చేసింది.

చెన్నప్ప తప్పెటలవాళ్ళకు చెప్పినాడు. బస్సు దిగే చోటు నుంచి తప్పెటలతోనే ఊర్లోకి రావాల నువ్వు. తప్పించుకోవద్దు, సిగ్గుపడవద్దు.

ఒకవేళ ఆఖరు గడియలో ఓనరు మాట మారిస్తే కూడా దిగులుపడవద్దు. నేను ఉన్నాను. చూపు పోయినా చేయి పోలేదు. అది నీళ్ళు తాగే చప్పుడు నాకు తెలుసు, ఆ చప్పుడుకే గురి పెడతాను. సునందను అడిగినాను, "నన్ను గుండు దాకా నడిపిస్తావా తల్లీ?" అని. "నడిపిస్తా నాయనా" అనింది. ఆడపిల్ల అయినా నీ చెల్లెలే కదా!

ఆదివారం కోసం ఒళ్ళంతా కళ్ళు చేసుకొని ఉంటాను.

మీ నాయన,
కదిరప్ప

అన్నా, నాయన చెప్పినది పైన అయిపోయింది. ఇక్కడి నుంచి నేను. నాయన పక్కనే కూర్చొని నవ్వుకుంటాండాడు, ఇంకా ఏం రాస్తాండావమ్మా అని అడుగుతాండాడు. అన్న క్షేమం అడుగుతాండా అని చెప్పినాను.

బళ్ళారి అని నువ్వు పైన రాసినా, కాగితం వెనక పోస్టు ముద్ర ఎప్పుడూ రాయదుర్గానిదే. నాయన ఏనాడూ ముద్ర చూడలేదు, నేను చూస్తాను. నీ వేలి నీలం నువ్వు నాకు కుట్టి ఇచ్చిన జీన్సు లంగాకు కూడా ఉంది, ఉతికిన ప్రతిసారీ నీళ్ళలో దిగుతుంది. తుపాకి పట్టినవాడు "దిగదు, విరిగిపోతుంది" అని రాయడు. అది మిషను సూదుల నంబర్లకు చెప్పే మాట.

ఆదివారం బస్సు దిగు. తప్పెటలవాళ్ళు ఉంటారు. మారెక్క మొగుడు ఉంటాడు. దిగి వాళ్ళకు నీ నోటితో ఏం చెప్పుకుంటావో చెప్పుకో.

దిగకపోతే సోమవారం తెల్లవారుతూనే నాయన భుజం పట్టుకొని గుండు వెనకకు నేనే తీసుకొని పోతాను. తోటాలు నింపేది కూడా నేనే. రెండు గొట్టాల్లోనూ నువ్వు చెప్పిన నంబరే పెడతాను.

సునంద